ర్యాంకర్ల ఫోటోలు కత్తిరించినవాడి జవాబు

"స్కూళ్ళు, కాలేజీల యాడ్స్‌లో కనిపించే ఆ ఆదర్శ విద్యార్థి అసలు ఎవరు? అలాంటి పిల్లలు నిజంగా ఉంటారా? మీ పిల్లల్ని చేర్పించేటప్పుడు ఆ ప్రకటనల్ని ఎంతవరకు నమ్మారు?" అని అడిగారు.

పిల్లలైతే నిజంగానే ఉంటారు. యాడ్‌లోకి ఎక్కేసరికి వాళ్ళని వాళ్ళమ్మే గుర్తుపట్టలేదు, అంతే తేడా. ఇంత ధీమాగా ఎందుకు చెప్తున్నానంటే 2006 నుంచి 2014 దాకా విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డీటీపీ, ఫ్లెక్స్ షాపులో నా పని అదే. పెళ్ళి శుభలేఖలు, రాజకీయ నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు ఏడాదంతా ఉండేవి. కానీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా మా షాపు అద్దె, కరెంటు బిల్లు, నా జీతం అన్నీ కాలేజీల మీదే నడిచేవి.

పదో తరగతి, ఇంటర్, ఎంసెట్ ఫలితాలు వచ్చిన రోజు రాత్రి మాకు నిద్ర ఉండేది కాదు. పొద్దున జనం టీ తాగే వేళకి సెంటర్లో ఫ్లెక్సీ కట్టి ఉండాలి, పక్క కాలేజీ వాళ్ళకంటే ముందు. సాయంత్రం ఆరింటికి కాలేజీ పీఆర్వో పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చేవాడు. అందులో ఫోటోలు, ఒక ఎక్సెల్ షీటు. ఆ ఫోటోలు చూస్తే మీకు నవ్వొస్తుంది, నాకైతే ఏడుపొచ్చేది. అన్నీ అప్లికేషన్ ఫారం మీద అంటించినవాటిని స్కాన్ చేసినవే. నుదుటి మీద స్టేప్లర్ పిన్ను గుచ్చిన గుర్తు. చెంప మీద సగం రబ్బరు స్టాంపు. గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ ఇంకుతో చేసిన సంతకం మెడ మీదుగా చొక్కా దాకా. స్టాంపు సైజు ఫోటోని పది అడుగుల ఫ్లెక్స్ మీద పెట్టాలి. ముందు క్లోన్ టూల్‌తో చెంప మీద సీలు చెరపాలి. అలా చెరిపేటప్పుడు సీలుతో పాటు మొటిమలు, చిన్నప్పటి దెబ్బ మచ్చ కూడా పోయేవి. ఉంచు అని ఎవరూ అనేవాళ్ళు కాదు. నేనూ ఉంచేవాణ్ణి కాదు, టైమ్ ఎక్కడిది?

తర్వాత చొక్కా. సగం మంది మాసిన చొక్కాల్లోనో, గళ్ళ టీషర్టుల్లోనో ఉండేవాళ్ళు. వాళ్ళందరికీ మా దగ్గర ఒక నల్ల సూటు, ఎర్ర టై ఉన్న ఫైలు రెడీగా ఉండేది. అది మా ఓనరు గారి తమ్ముడి రిసెప్షన్ ఫోటోలోది. తల తీసేసి మొండెం దాచుకున్నాం. ఎన్ని వందల మంది టాపర్లు ఆయన పెళ్ళి సూటు వేసుకుని బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడ్డారో లెక్కలేదు. ఆడపిల్లలకి ఇంకో ఫైలు, నేవీ బ్లూ కోటుది. మెడిసిన్ ర్యాంకయితే దాని మీదే తెల్లకోటు, స్టెతస్కోపు. ఇంకా కౌన్సెలింగే మొదలవలేదు, పిల్లకి స్టెతస్కోపు పడిపోయేది.

పీఆర్వో నా కుర్చీ వెనకాల నిలబడి చెప్తూ ఉండేవాడు. "ఈ అబ్బాయికి కొంచెం కలర్ తెప్పించు బాబూ." "ఆ అమ్మాయి నూనె జుట్టు ఏదైనా చెయ్యి." "కళ్ళజోడు కుర్రాణ్ణి ముందుకి లాగు, చదివేవాడిలా ఉన్నాడు." ఈ మూడు మాటలూ ఏ కాలేజీ నుంచి ఎవరొచ్చినా అనేవాళ్ళు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. చదివే పిల్ల ఎలా ఉండాలో అందరికీ ముందే తెలుసు: కొంచెం తెల్లగా, కళ్ళజోడుతో, జుట్టు అణిగి, నవ్వకుండా.

ఆ నవ్వు సంగతి నాకు మొదట తట్టలేదు. షాపులో మూడో ఏడో, నాలుగో ఏడో. హార్డ్ డిస్కు నిండిపోయిందని పాత ఫైళ్ళు సర్దుతుంటే కనబడింది. ఒకే విద్యాసంస్థకి మేము ప్లేస్కూలు నుంచి ఇంటర్ దాకా అన్నీ చేసేవాళ్ళం. ప్లేస్కూలు ఫోల్డర్ తెరిస్తే పళ్ళన్నీ కనబడేలా నవ్వే పిల్లలు. బెలూన్లు, రంగులు అంటుకున్న చేతులు. హైస్కూలు ఫోల్డర్లో చేతులు కట్టుకుని, పెదాలు కలిపి, కొంచెం నవ్వీ నవ్వనట్టు. ఇంటర్ ఫోల్డర్లో ఒక్క నవ్వు లేదు. వరసగా తల, తల కింద పేరు, పేరు కింద హాల్‌టికెట్ నంబరు, వీటన్నిటికంటే పెద్దగా ర్యాంకు. ఒక్కోసారి తల కంటే అంకె పెద్దది. ఆ రోజు మా ఓనరు గారికి చూపించాను. "పాస్‌పోర్ట్ ఫోటోలో నవ్వితే ఒప్పుకోరు కదరా" అన్నారాయన. అదీ నిజమే. కానీ కాలేజీ వాళ్ళు తలుచుకుంటే ఆ పిల్లల్ని పిలిచి ఇంకో ఫోటో తీయించడం ఎంతసేపు పని?

ప్లేస్కూలు ఫోల్డర్లో నవ్వేవాళ్ళు మన పిల్లలు కారు, అది వేరే కథ. ఇంటర్నెట్‌లో దొరికే ఫోటోలు. బంగారు రంగు జుట్టు పాప, నీలికళ్ళ బాబు. కృష్ణా జిల్లాలో ఏ ఊళ్ళో చూశారండీ అలాంటి పిల్లల్ని? ఒకసారి ఒక స్కూలు కరస్పాండెంట్ గారికి నేనే అడిగి మరీ చెప్పాను, మన పిల్లల ఫోటోలు తీద్దాం సార్, బాగుంటుంది అని. సరే అన్నాడు. ఫోటోగ్రాఫర్‌ని తీసుకుని వెళ్ళాను. కొత్త బిల్డింగు, ఇంకా సున్నం వాసన పోలేదు. ల్యాబ్‌లో శంఖాకారపు గాజు కుప్పెలు ఉన్నాయి గానీ పొయ్యడానికి ఏమీ లేదు. ఆయా వెళ్ళి కొట్లో రస్నా పొడి పట్టుకొచ్చింది. ఒకదాంట్లో ఆరెంజ్, ఒకదాంట్లో నల్ల ద్రాక్ష, ఒకదాంట్లో బట్టల నీలిమందు. మైక్రోస్కోపులోకి చూస్తున్న అబ్బాయి ఫోటో కవరు పేజీకి ఎక్కింది. షాపుకొచ్చి పెద్దది చేసి చూస్తే మైక్రోస్కోపు కటకానికి ప్లాస్టిక్ మూత అలాగే ఉంది. మూత మీద కొంచెం నీడ పెట్టి కప్పేశాను.

ఆ రోజు పిల్లల్ని ఎంచిన తీరు మాత్రం మర్చిపోలేను. "బ్రోచర్‌కి ఆరుగురు కావాలి" అనగానే టీచరమ్మ క్లాసులోకి వెళ్ళి వేలు చూపించి లేపింది. లేచిన ఆరుగురూ తెల్లగా ఉన్నవాళ్ళే. క్లాసు ఫస్ట్ వచ్చే పిల్ల మూడో బెంచీలో కూర్చుంది. ఆ పిల్లే ఫస్టని నాకెలా తెలిసిందంటే, కరస్పాండెంట్ గారు అంతకుముందే గర్వంగా చూపించాడు, "ఇది మా గోల్డు" అని. గోల్డుని గ్రూప్ ఫోటోలో వెనక వరసలో నిలబెట్టారు. ముఖం సగమే పడింది. సలహా ఇచ్చింది నేనే కాబట్టి నోరు మూసుకున్నాను.

మీ ప్రశ్నకి ఇంకో కోణం కూడా ఉంది. యాడ్ నుంచి ఏం తీసేస్తారు అనేది. ఎక్సెల్ షీటులో పేరు, తండ్రి పేరు, ఊరు, హాల్‌టికెట్ నంబరు, మార్కులు అన్నీ వచ్చేవి. ఫ్లెక్సీ మీదకి పేరు, నంబరు, మార్కులే వెళ్ళేవి. తండ్రి ఏం చేస్తాడు, ఏ ఊరు, అంతకుముందు ఏ మీడియంలో చదివాడు, ఇవేవీ ఉండవు. అదే మర్నాడు పేపర్లో జిల్లా ఎడిషన్ తెరవండి. తాడికొండ గురుకులంలోనో, ఇంకో సర్కారు బడిలోనో చదివి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడి గురించి వార్త ఉంటుంది. అందులో మాత్రం తండ్రి పనే హెడ్డింగు: కూలీ బిడ్డ, ఆటోడ్రైవర్ కూతురు. డబ్బు పెట్టి వేయించుకున్న చోట అమ్మానాన్న ఉండరు, ఊరికే వేసిన చోట అమ్మానాన్నే ఉంటారు. యాడ్ చూసి ఫీజు కట్టేది చిన్న ఉద్యోగస్తుడు, ఎరువుల కొట్టు యజమాని, పదెకరాల రైతు. తన కొడుకు కూడా ఆ సూటులో పట్టేలా ఉండాలి ఆయనకి. ఎవరి కొడుకో తెలిస్తే ఆ సూటు బిగుతైపోతుంది.

మాటలు కూడా మావే. టాపర్ ఫోటో పక్కన కొటేషన్ గుర్తుల్లో ఉంటుంది చూశారా, "నా విజయానికి కారణం అనుభవజ్ఞులైన అధ్యాపక బృందం, రోజువారీ పరీక్షలు, ఒత్తిడి లేని బోధన" అని? అది మా దగ్గర 'అను' అనే తెలుగు ఫాంట్లో టైపు చేసి ఉన్న పేరా. పేరు మారుస్తామంతే. ఒకసారి హడావిడిలో పక్కపక్కన ఇద్దరు పిల్లలకి ఒకే పేరా పడి ప్రింటయిపోయింది. ఎవ్వరూ గమనించలేదు, పీఆర్వోతో సహా. అసలు ఆ "ఒత్తిడి లేని" అనే మాట ఏదైతే ఉందో, అది రాయించుకున్న కాలేజీల హాస్టళ్ళలో పొద్దున ఐదింటికి స్టడీ అవర్ మొదలయ్యేది.

టీవీ యాడ్లు మా పని కాదు. ఒకటి ఒకటి ఒకటి రెండు రెండు మూడు అంటూ ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు చదివే గొంతు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, జోకులు కూడా వేసుకున్నాం. నాకు అందులో నవ్వులాట కంటే ఒకటి వింతగా ఉండేది. ఫ్లెక్సీ మీద కనీసం పేరయినా ఉండేది, ఆ యాడ్లో ముప్ఫై సెకన్లలో పేరు చదివే తీరికే ఉండదు.

మా చిన్నప్పుడు, అంటే తొంభైల్లో, చదువుల ప్రకటన అంటే గోడరాత. రైల్వే ట్రాక్ పక్క గోడల మీద నీలి అక్షరాలు: "టెన్త్ ఫెయిలయ్యారా? ఇంటర్ తప్పారా? మా ట్యుటోరియల్స్‌లో చేరండి." తప్పినవాడితో మాట్లాడే ప్రకటన అది. మా బాబాయి అలా గోడ మీద చదివే చేరి, రెండోసారి లెక్కలు గట్టెక్కి, తర్వాత ఆర్టీసీలో కండక్టరయ్యాడు. షాపులో ఉన్న ఎనిమిదేళ్ళలో తప్పినవాడి కోసం ఒక్క ఫ్లెక్సీ కూడా నా చేత్తో చెయ్యలేదు. సరే, సెకండ్ క్లాసులో పాసైనవాడి కోసమైనా? ఊహూఁ.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెప్తాను. 2012లో పదో తరగతికి మార్కులు పోయి గ్రేడ్లు వచ్చాయి. అంతకుముందు "600కి 581" అని వేసేవాళ్ళం. ఒత్తిడి తగ్గించడానికి గ్రేడ్లు పెట్టారు. మా షాపులో మాత్రం పని పెరిగింది. మార్కులున్నప్పుడు ఫస్టు, సెకండు, థర్డు, అలా పదిమంది ఫోటోలు. గ్రేడ్లొచ్చాక 10కి 10 వచ్చినవాళ్ళందరూ వేయాల్సిందే. స్కూలుకి ముప్ఫై తలలు, నలభై తలలు. పై వరసల్లో 10 వాళ్ళు పెద్దగా, కింద 9.8, ఇంకా కింద 9.7, చివర్న స్టాంపు సైజులో 9.5. అంతకంటే తక్కువైతే ఫోటో ఉండదు.

అప్పటి ఆ లెక్క ఎలా ఉండేదో చూడండి. ఆరు సబ్జెక్టుల పాయింట్ల సగటు అది. అన్నిట్లో తొంభై మూడేసి వచ్చిన పిల్లకి 10. ఐదింటిలో తొంభై తొమ్మిదేసి వచ్చి ఒక్కదాంట్లో ఎనభై తొమ్మిది వచ్చిన పిల్లకి 9.8. మొత్తం కూడితే మొదటి పిల్లకి 558, రెండో పిల్లకి 584. ఎక్కువ మార్కులొచ్చిన పిల్ల ఫోటో చిన్నది. అప్పట్లో మెమో మీద మార్కులు ఉండేవి కావు కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు కూడా.

2013లో మా అక్క కూతురికి 9.8 వచ్చింది. వాళ్ళ స్కూలు ఫ్లెక్సీ మా షాపుకే వచ్చింది, నా టేబుల్ మీదకే. నేను ఆలోచించలేదు, నిజంగా చెప్తున్నాను. 10 వాళ్ళకి గ్రిడ్ గీసుకుని, కింద 9.8 గ్రిడ్ గీసుకుని, తలలు పేర్చుకుంటూ పోయాను. దాని తల కూడా కత్తిరించాను. జడల రిబ్బన్లు తెల్లవి, బ్యాక్‌గ్రౌండులో కలిసిపోతున్నాయని తీసేశాను. తెల్లారి దాన్ని సైకిలెక్కించుకుని తీసుకెళ్ళి సెంటర్లో చూపించాను, నేనే చేశానని గొప్పగా. కాసేపు తల పైకెత్తి చూసి, "మావయ్యా, నాది ఎందుకంత చిన్నగా పెట్టావు?" అంది. స్కూలు వాళ్ళు చెప్పిన కొలతలమ్మా అన్నాను. "నా రిబ్బన్లేవి?" అంది. దానికి ఏం చెప్పానో గుర్తు లేదు.

అక్క మాత్రం కోపంగా లేదు. ఫోటో పడిందిగా చాలు అంది. ఆ వేసవంతా పీఆర్వోలు వాళ్ళింటికి తిరిగారు. 10 వచ్చిన పిల్లలకి ఫీజు లేదు, హాస్టల్ కూడా ఫ్రీ అన్నారట. దీనికి సగం తగ్గిస్తామన్నారు. అప్పుడర్థమైంది నాకు, ఫ్లెక్సీ మీద ఫోటో సైజు, ఫీజులో తగ్గింపు రెండూ ఒకే గ్రిడ్ అని. పై వరసలో ఉన్నవాడు ఎక్కువగా ఫీజు కట్టనివాడు. వాడి ఫోటో చూసి చేరేవాడు పూర్తిగా కట్టేవాడు. చేరాక ఇద్దరూ ఒక సెక్షన్లో కూర్చోరు కూడా, బాగా చదివేవాళ్ళకి వేరే బ్యాచ్, వేరే లెక్చరర్లు. వడగట్టి తీసుకోవడం కొత్త సంగతేమీ కాదనుకోండి. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య గారి ఐఐటీ కోచింగ్‌లో సీటు కోసమే ఒక పరీక్ష ఉండేది, ఆ పరీక్షకి పిల్లల్ని తయారుచేసే కోచింగులు వేరే ఉండేవి. కానీ అక్కడ వడగడతారని ఊరందరికీ తెలుసు. ఫ్లెక్సీ చూసేవాడికి ఆ సంగతి తెలియదు.

ఒకే కుర్రాడి ఫోటో ఇద్దరి పెన్‌డ్రైవుల్లో వచ్చిన రోజులూ ఉన్నాయి. ఒకరి దగ్గర ఇంటర్ చదివి, ఇంకొకరి దగ్గర టెస్ట్ సిరీస్ మాత్రం రాసినవాడు. ఒకరికి నల్ల సూటులో, ఇంకొకరికి నీలం కోటులో చేసిచ్చాం.

ఇప్పుడు దీనికి రూల్స్ వచ్చాయి. 2024 నవంబర్లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కోచింగ్ సెంటర్ల ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకు వచ్చిన తర్వాతే, రాతపూర్వకంగా ఆ విద్యార్థి ఒప్పుకుంటేనే పేరు, ఫోటో వాడాలి. ముందే చేరేటప్పుడు సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఫోటో పక్కనే ఏ కోర్సు తీసుకున్నాడు, ఎన్నాళ్ళు, డబ్బు కట్టాడా లేదా కూడా వేయాలి. అంతకుముందు 2023లో ప్రకటనల రంగం వాళ్ళ స్వీయ నియంత్రణ మండలి, ఆస్కీ అంటారు, విద్యాసంస్థల యాడ్స్‌కి నియమాలు చెప్పింది. తక్కువ మార్కులొచ్చిన పిల్లల్ని పనికిరానివాళ్ళుగా చూపకూడదు, నిద్ర తిండి మానేసి చదివినట్టు చూపకూడదు. ఇంకోటి చదివి నేను గట్టిగా నవ్వాను: మంచి మార్కులొచ్చేవాళ్ళంటే దళసరి కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళే అన్నట్టు చూపకూడదట. "కళ్ళజోడు కుర్రాణ్ణి ముందుకి లాగు" అన్న పీఆర్వో గుర్తొచ్చాడు. సందు చివర ఫ్లెక్స్ షాపులో కూర్చున్న డిజైనర్‌కి ఇవి ఎవరు చెప్తారు, రాత్రి పన్నెండింటికి ఎవరు చూస్తారు అనేది వేరే సంగతి. ఉండటం మాత్రం మంచిదే. ఎవరైనా ఫిర్యాదు చెయ్యాలంటే పట్టుకోవడానికి ఒక కాగితం ఉంది.

నమ్మారా అని అడిగారు కదా. 2014లో ఆ షాపు మానేసి గుడివాడలో సొంతంగా చిన్నది పెట్టుకున్నాను. శుభలేఖలు ఎక్కువ, స్కూలు పనులు తక్కువ. మా అమ్మాయిని చేర్చేటప్పుడు మా ఆవిడ మూడు బ్రోచర్లు తెచ్చింది. నేను చూసిన మొదటి పది నిమిషాలు ఏ ఫోటో ఎక్కడి నుంచి డౌన్‌లోడ్ చేశారా అనే చూశాను, అలవాటు పోదు. తర్వాత మూడు స్కూళ్ళకీ సాయంత్రం వదిలే టైమ్‌కి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. ఒక చోట పిల్లలు లైన్లో బయటికొచ్చారు, గేటు దాటాక కూడా లైన్లోనే ఉన్నారు. ఇంకో చోట అరుస్తూ పరిగెత్తుకొచ్చి నన్ను గుద్దుకున్నారు. అందులోనే వేశాను. ఆఫీసు రూమ్‌లో మాత్రం ఒకటి అడిగాను, పోయినేడు పదో తరగతి ఎంతమంది రాశారు అని. ఎంతమందికి ఫస్టొచ్చింది అని ఎవరైనా చెప్తారు. రాసినవాళ్ళెంతమంది అంటే రిజిస్టరు వెతకాల్సొచ్చింది వాళ్ళకి. వెతికి చెప్పారు, అది నచ్చింది.

మా అక్క కూతురు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఆ ఫ్లెక్సీని స్కూలు వాళ్ళు తీసేశాక అక్క అడిగి తెచ్చుకుని, కల్లంలో గడ్డివాము మీద కప్పింది. రెండు వానాకాలాలు ఆగింది.

పోయిన వారం మా అమ్మాయి స్కూలు నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, కొత్త బ్రోచర్‌కి మీ పాప ఫోటో ఎంపికైంది, మంచిది ఒకటి పంపండి అని. మా ఆవిడ సంబరపడిపోయింది. అది రెండో తరగతి. ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి, నోరంతా తెరిచి నవ్వుతున్న ఫోటో ఒకటుంది, అదే పంపించాం. గంటలో జవాబొచ్చింది: "చాలా క్యూట్‌గా ఉందండీ. పళ్ళు కనిపించకుండా తీసింది ఏదైనా ఉంటే పంపగలరా? లేదా మా డిజైనర్ పళ్ళు పెడతారు, పర్వాలేదా?"

మా ఆవిడ ఫోన్ నా చేతికిచ్చింది, నువ్వే జవాబివ్వు అని. ఇంకా ఇవ్వలేదు.